సోమవారం సంది బంద్

ఇలా రండమ్మా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ టీవీ గొంతు తగ్గించండి, ఫోన్లు బోర్లా పెట్టండి. కిష్టమ్మ ఇంట్లో మాట పడిపోయి ఐదు రోజులైంది. ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

మాట పడిపోయిందంటే జబ్బు చేసి కాదు. కిష్టమ్మ మొగుడితో మాట్లాడుతోంది, గోడమీది పిల్లితో మాట్లాడుతోంది, కుక్కర్ సరిగ్గా కూత పెట్టకపోతే దాన్ని తిడుతోంది. కన్నకూతురు కృష్ణప్రియతో మాత్రం ఒక్క మాట లేదు.

ఆదివారం పొద్దున కూడా అంతే. కూతురు ఎదురుగానే కూర్చుంది. కిష్టమ్మ మొగుడి వైపు తిరిగి, "ఇడ్లీ తింటదో తినదో అడుగు," అంది.

"నేను ఈడనే ఉన్న కదమ్మా!"

"ఇంకోటి ఏయాల్నా అని అడుగు."

పోచయ్య పళ్ళెం కింద పెట్టేశాడు. "స్వర్ణశిఖర గేటుకాడ నాకు ఇంటర్‌కామ్ ఇచ్చిన్రు. ఇంట్ల నన్నే ఇంటర్‌కామ్ చేసిన్రు. మీకు దండం పెడ్త, జర సక్కగ మాట్లాడుకోన్రి."

పోచయ్య స్వర్ణశిఖర అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ. కిష్టమ్మ అక్కడే పదకొండో అంతస్తులో పద్మావతి గారింట్లో పదేళ్ళుగా వంట చేస్తోంది. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో వాళ్ళ ఇంటి మెట్టు మీద నిలబడితే ఆ టవర్లు కనిపిస్తాయి. ఆ టవర్లున్న చోట అప్పట్లో సీతాఫలాల గుట్ట ఉండేది. తెల్లవారకముందే ఆడవాళ్ళు చెంబు పట్టుకుని ఆ గుట్ట చాటుకు వెళ్ళి వచ్చేవారు. బీదతనమే, కాదనను. కానీ చాటు ఉండేది. ఇప్పుడు గుట్ట పోయింది, నాలుగు వైపులా అద్దాలు వచ్చాయి. చాటు ఎక్కడ?

సెల్లార్లో పనివాళ్ళకని ఒక బాత్రూం ఉంది. అరవై మంది ఆడవాళ్ళకు ఒకటే. పోయిన సోమవారానికి ముందు సోమవారం దానికి తాళం పడింది. మరమ్మతులని కాగితం అంటించారు. మరమ్మతు చేసే మనిషి ఇంతవరకు రాలేదు.

ఇక ఆడవాళ్ళేం చేస్తారు? నీళ్ళు తాగడం మానేశారు. కిష్టమ్మ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా చుక్క ముట్టేది కాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో రోజు పద్మావతి గారి వంటింట్లో జ్వరంతో కూలిపోయింది. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ చూసి, "నీళ్ళెందుకు తాగట్లేదమ్మా? ఇన్ఫెక్షన్ ఎంత దూరం పోయిందో చూడు," అని కోప్పడింది.

అప్పుడు తెలిసింది కృష్ణప్రియకు. ఒళ్ళు మండిపోయింది. మరి ఆ పిల్ల ఉద్యోగమే నలుగురికీ నచ్చేట్టు చెప్పడం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీకి ప్రకటనలు, పోస్టర్లు రాస్తుంది. తక్కువ మాటలు, పెద్ద అక్షరాలు, ఒక మనిషి కథ అని అక్కడ నేర్పారు. ఆమె అదే చేసింది.

తాళం వేసిన తలుపు ఫోటో పెట్టింది. దాని మీద 'మా బాత్రూం సోమవారం సంది బంద్' అని రాసింది. ఫోటోలో తలుపు కనిపిస్తుండగా మళ్ళీ బాత్రూం అనడం ఎందుకని ఆ రెండు మాటలు తీసేసింది. మిగిలింది ఇదీ: 'సోమవారం సంది బంద్. గిట్లయితె ఎట్ల పని చేస్తం?'

మలుపులో జిరాక్స్ షాపు మెషీన్ మసి కక్కింది. తలుపు ఫోటో మాడిన పెనంలా నల్లగా అచ్చయింది. అక్షరాలు మాత్రం మిలమిలా మెరిశాయి. మంగళవారం సాయంత్రం ముప్పై పోస్టర్లు లిఫ్టుల పక్కన అంటించింది.

మన దగ్గర సంది అంటే నుంచి అని, లైటు బంద్ అంటే ఆర్పేశారని, దుకాణం బంద్ అంటే మూశారని. కమిటీలో భానుశ్రీ అని ఒకావిడ ఉంది. విశాఖ నుంచి వచ్చి మూడేళ్ళయింది. బంద్ అంటే ఆమెకు తెలిసింది ఒకటే: బస్సులాపడం, షట్టర్లు దించడం. 'సంది' ఏమిటో తోచక ఊహించుకుంది. తెలుగు చదవలేని వాళ్ళ కోసం ఇంగ్లీషులో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది, వచ్చే సోమవారం నుంచి పనివాళ్ళందరూ సమ్మె అని.

బుధవారానికల్లా టవర్లు గగ్గోలు. ఇద్దరు ఆడవాళ్ళను ఇక రావద్దన్నారు.

అది ఒక ఎత్తు. పోస్టరుతో పాటు కృష్ణప్రియ ఆ గ్రూపుకు ఒక ఉత్తరం కూడా పంపింది. అందులో 'మా అమ్మ కిష్టమ్మ' అని పేరు పెట్టి, జబ్బు పేరు పెట్టి, ఎక్కడ మంటో కూడా రాసింది. చదివిన వాళ్ళ గుండె కరగాలని రాసింది. బంద్ గోలలో తాళం మాట ఎవరికీ ఎక్కలేదు, జబ్బు మాట మాత్రం డ్రైవర్ల దాకా పాకింది.

బుధవారం పొద్దున జ్వరంతోనే పనికి వచ్చిన కిష్టమ్మను సెల్లార్లో కారు తుడుస్తున్న డ్రైవర్ ఒకడు నవ్వుతూ అడిగాడు, "ఏం కిష్టమ్మా, మంట తగ్గిందా?" అని.

ఆ క్షణం నుంచి కిష్టమ్మ కూతురితో మాట్లాడలేదు.

*

"అమ్మా, పది గంటలకు టవరోళ్ళ మీటింగ్. మనకు ఐదు నిమిషాలు ఇచ్చిన్రు. నువ్వొచ్చి ఉత్తగ కూసుంటె చాలు. నిన్ను చూస్తే వాళ్ళకు సమజైతది," అంది కృష్ణప్రియ.

కిష్టమ్మ ఇడ్లీ రేకులు కడుగుతోంది.

"నీ కోసమే కదా చేసేది. అరవై మంది కోసం."

రేకులు గిన్నెలో గట్టిగా పడ్డాయి. "నన్ను జూడనీకి టికెట్ పెట్టుమను," అంది కిష్టమ్మ మొగుడితో.

"నాయినా, నువ్వన్న చెప్పరాదే!"

"నేనేం చెప్తా బిడ్డా? మీ మీటింగుకు వచ్చెటోళ్ళకు గేటు తీసేది నేనే. నేను ఏ దిక్కు మాట్లాడాలె?"

కృష్ణప్రియ ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఒక్కతే వెళ్ళింది. గడప దాటుతుంటే వెనక నుంచి ఒక్క మాట వస్తుందేమో అని ఆగింది. నల్లా నీళ్ళ చప్పుడే వినిపించింది.

*

క్లబ్‌హౌస్ హాల్లో ఏసీ చలి. బాత్రూం సంగతి ఏడో అంశం. అంతకు ముందు కుక్కల మీద నలభై నిమిషాలు మాట్లాడారు. పార్కింగ్ గీతల మీద ఇద్దరు లేచి పోట్లాడుకున్నారు. పన్నెండు దాటాక అధ్యక్షుడు సోమేశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద పదవి చేసి రిటైరైన మనిషి.

"చూడమ్మా, త్వరగా చెప్పేయండి. అందరికీ లంచ్ టైమవుతోంది. ముందుగా ఆ బంద్ పిలుపు వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పండి."

"సార్, మేం బంద్ పిలుపే ఇయ్యలేదు. బాత్రూం బంద్ అయిందని రాసినం."

"బాత్రూం అని ఎక్కడుందండీ అందులో?" అంది భానుశ్రీ పోస్టరు ఎత్తి చూపిస్తూ. "నేను పదిసార్లు చదివాను."

"ఫోటోల ఉంది మేడం."

"ఏది? ఇదా? ఇది మసి కదమ్మా!"

హాల్లో నవ్వులు. కృష్ణప్రియ తెర మీద బొమ్మలు వేసింది. ఆరోగ్యం, గౌరవం, సమానత్వం అని ఒక్కో మాట కింద గీత గీసి చెప్పింది. కంపెనీలో అయితే ఈపాటికి తలలూపేవారు. ఇక్కడ సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన ఆవలించి, నోటి మీద చిటికె వేసుకున్నాడు.

ఆ చిటికె చూసి ఆమెకు కోపం ఆగలేదు. ల్యాప్‌టాప్ టపీమని మూసేసింది.

"సరే. ఒక్కటి చెప్పండి. మీ ఇండ్లల్ల ఎన్ని బాత్రూములున్నయి?"

"ఇది వ్యక్తిగతం," అన్నారు సోమేశ్వరరావు గారు.

వెనక నుంచి ఎవరో, "మూడున్నర!" అన్నారు. అందరూ నవ్వారు.

"ఆ అర ఎవరికోసం కట్టిన్రు?"

నవ్వు ఆగిపోయింది. వంటింటి వెనక చిన్న తలుపు, లోపల ఒక నల్లా. పనివాళ్ళ కోసమని బిల్డర్ గీసిన గది. ప్రతి ఫ్లాటులోనూ ఉంది. అందరికీ తెలుసు. ఎవరూ ఇన్నాళ్ళూ ఆ మాట పైకి అనలేదు. ఆవలించినాయన కూడా తల దించుకున్నాడు.

అక్కడ ఆగి ఉంటే ఎలా ఉండేదో! ఆ మౌనాన్ని కాసేపు అలాగే వదిలేసి ఉంటే! కానీ ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఐదు రోజులుగా తల్లి మాటకు మొహం వాచిన పిల్ల. మొదటి వరుసలో కూర్చున్న పద్మావతి గారి వైపు తిరిగింది.

"ఆంటీ, మీ ఇంట్ల ఆ చిన్న బాత్రూంల ఏమున్నయి? చెప్పండి."

పద్మావతి గారు తడబడ్డారు. అరవై దాటిన మనిషి, మెత్తటి మనిషి. "వాషింగ్ మెషీనూ... ఆవకాయ జాడీలూ ఉన్నాయమ్మా."

"చూసిన్రా? పచ్చడికున్న జాగ మా అమ్మకు లేదు."

ఎంత సూటి మాట! ఎంత నిజమైన మాట! అయినా దాంతోనే అంతా పాడైంది. పద్మావతి గారి కళ్ళు నిండాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పక్కావిడ లేచి వీపు నిమిరింది, ఇంకొకరు నీళ్ళ సీసా తెచ్చారు.

"పెద్దావిడని నలుగురిలో నిలదీయడానికా మీకు టైమిచ్చింది?" అని సోమేశ్వరరావు గారు గొంతు పెంచారు. "జ్వరం వస్తే ఆటో కట్టించి దవాఖానాకు పంపింది ఆవిడే కదా! కృతజ్ఞత ఉండక్కర్లేదా?"

"సార్, నేను అడిగింది తాళం గురించి..."

"కూర్చోండి. మీ ఐదు నిమిషాలూ అయిపోయాయి."

అంతే. హాలంతా పద్మావతి గారిని ఓదార్చడంలో పడింది. సెల్లార్లో తాళం అలాగే ఉంది. దాని ఊసు ఎత్తిన వాళ్ళు లేరు.

బయట మెట్ల దగ్గర పద్మావతి గారు కృష్ణప్రియ మోచెయ్యి పట్టుకున్నారు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నేను మీ తరఫున మాట్లాడదామనే వచ్చానే అమ్మాయ్," అన్నారు. "రాత్రంతా కూడబలుక్కుని, కాగితం మీద రాసుకుని మరీ వచ్చాను."

పద్మావతి గారు గుప్పిట్లో నలిగిన కాగితాన్ని చూపించలేదు, చింపలేదు. అలాగే పట్టుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయారు.

*

కబురు కృష్ణప్రియకంటే ముందే ఇంటికి చేరింది. కిష్టమ్మ చాప మీద గోడకానుకుని కూర్చుంది. కూతురు వచ్చి ఎదురు గోడకు చేరగిలబడింది. మధ్యలో మూత వేసిన అన్నం గిన్నె.

రెండున్నరకు పోచయ్య వచ్చాడు. టోపీ తీయలేదు. జేబులోంచి కాగితం తీసి గిన్నె మూత మీద పెట్టాడు.

"ఆఫీసుల ఇచ్చిన్రు. దీని మీద కిష్టమ్మ సంతకం పెడితె రేపు పొద్దుగాల తాళం తీస్తరట. ఐదు గంటలలోపు అందాలె అన్నరు."

"పెట్టకుంటే?" అంది కృష్ణప్రియ.

"అరవై మంది గేటు పాసులు ఆపుతరట. రేపు గేటుకాడ ఆపేది నేనే. మీ అమ్మను నేనే చెయ్యి అడ్డం పెట్టి ఆపాలె."

కృష్ణప్రియ కాగితం అందుకుంది. రెండే వాక్యాలు. 'నేను గానీ, తోటి పనివారు గానీ ఎటువంటి బంద్‌కూ పిలుపునివ్వలేదు. నా అనారోగ్యానికి, సెల్లార్ టాయిలెట్ మూసివేతకు ఎటువంటి సంబంధం లేదు.'

"మొదటిది నిజం, రెండోది పచ్చి అబద్ధం!" ఆమె కాగితాన్ని మళ్ళీ మూత మీద పడేసింది. "అమ్మా, పెట్టకు. పెడితె మనం చెప్పిందంత అబద్ధం అయితది. ఇగ జన్మల మన మాట ఎవ్వరు నమ్మరు."

"పెట్టు కిష్టీ," అన్నాడు పోచయ్య. "కాగితంల ఏముంటె ఏంది? తలుపు తీస్తున్నరు కద. నువ్వు కోరింది తలుపే కద."

"నాయినా, రేపు ఎవరన్న మళ్ళ తాళమేస్తే ఏమని అడుగుతం?"

"రేపటి ముచ్చట రేపు!"

"గిట్లనే అందరం రేపు రేపు అనుకుంట..."

"అమ్మా, పెట్టకు!"

"కిష్టీ, పెట్టు!"

కిష్టమ్మ చెయ్యి ఎత్తింది. ఇద్దరూ ఆగారు. ఆమె నేరుగా కూతురి కళ్ళలోకి చూసింది. ఐదు రోజుల తరువాత మొదటిసారి.

"మొదలు నన్ను అడగకుంట రాసినవ్. ఇప్పుడు నన్ను అడగకుంటనే వద్దంటున్నవ్."

కృష్ణప్రియ గోడ వదిలి చాప దగ్గరికి జరిగింది.

"నా ఒంటికి పోయె ముచ్చట, కన్నతల్లికి గూడ చెప్పుకోని ముచ్చట, నాలుగొందల ఇండ్లల్ల చాటింపేసినవ్. ఎవని గుండె కరిగింది? ఆ డ్రైవర్ గానికి నవ్వొచ్చింది. నాకు ఇజ్జత్ పోయింది. నువ్వేమో మంచి పని చేసిన అనుకున్నవ్."

"అమ్మా, ఒక మనిషి కథ చెప్పకుంటె ఎవరికీ పట్టదు..."

"ఆ మనిషి నేను. కథ నాది. చెప్పాల్నా వద్దా అని నన్నడిగినవా?"

పోచయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తప్పయింది," అంది కృష్ణప్రియ. "మరి ఇప్పుడేం చేద్దామమ్మా? నువ్వే చెప్పు."

"నేను చెప్తే గూడ తప్పే. అండ్ల 'తోటి పనివారు' అని ఉన్నది కద. వాళ్ళ నోరు నా సంతకంల ఉన్నది. అడిగిరావాలె."

కిష్టమ్మ కాగితం మడిచి నడుం దగ్గర కొంగులో దోపింది. జ్వరం దిగి రెండు రోజులు కాలేదు. గోడ పట్టుకుని లేచింది.

"ఈ ఎండల ఇంటింటికి తిరుగుతవా?" అన్నాడు పోచయ్య.

"అరవై మంది. ఐదింటి వరకు ఎన్నైతె అన్ని ఇండ్లు."

"నేనూ వస్త," అంది కృష్ణప్రియ.

"రా. గని నోరు తెరవకు. చెవులొక్కటి పట్టుకోని రా."

*

మొదటి ఇల్లు రేణుకది. రేకుల కప్పు, ఒకటే గది. బుధవారం రావద్దన్న ఇద్దరిలో రేణుక ఒకతె. కిష్టమ్మను చూడగానే లోపలికి పిలిచి పీట వేసింది. కూతురిని చూసి మాత్రం మొహం ముడుచుకుంది.

"ఈ చెల్లె రాసిన కాగితానికి నా పని పోయింది కిష్టక్కా."

కృష్ణప్రియ ఏదో చెప్పబోయింది. తల్లి చూపు చూసి ఊరుకుంది.

కిష్టమ్మ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిజమైన మాట, అబద్ధమైన మాట, ఐదు గంటల గడువు, అన్నీ. "ఇది నా ఒక్కదాని సంతకం గాదు. ఏం చెయ్యమంటవ్?"

"పెట్టు అక్కా. నీ కాళ్ళు మొక్కుత, పెట్టు. తలుపు తెరిస్తరు, నన్ను మళ్ళ పనికి పిలుస్తరు. అబద్ధమైతె ఏమాయె, మనం ఎన్నడు ఆడలేదా?"

కృష్ణప్రియ గోళ్ళు అరచేతిలో దిగాయి. ఇంత సులువుగా! ఇంత మంది కోసం ఇంత చేస్తే!

కిష్టమ్మ తొందరపడలేదు. వాదించనూ లేదు. "ఇంటికొస్తే నీళ్ళన్న ఇయ్యవా?" అంది.

రేణుక నాలుక కరుచుకుని లేచింది. రెండు గ్లాసులు ముంచి తెచ్చింది.

"నీకేది?"

"నాకొద్దక్కా."

"పొద్దుగాల్ల సంది ఏం తాగినవ్?"

రేణుక తల వంచుకుంది. "ఏం తాగలే."

"ఎందుకే? పనికే పోతలేవు కద. ఇంట్లనే ఉన్నవ్ కద."

ఆ చిన్న గదిలో రేకుల మీద ఎండ చిటపటలాడింది. రేణుక కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"గ్లాసు నోటికాడికి తెస్త అక్కా. మళ్ళ కింద పెడ్త. దూప అయితది గని, భయమైతది. ఇంట్ల ఉన్న గూడ భయమే."

కిష్టమ్మ తన గ్లాసు ఆమె చేతిలో పెట్టింది.

ఏ పోస్టర్‌లోనూ, ఏ తెర మీదా కృష్ణప్రియ చెప్పలేకపోయిన మాట ఇది. చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోయింది. తల్లి వైపు చూసింది. తల్లి ఆమెను చూడడం లేదు. ఫోను సంచిలో పడేసింది.

"రేణుకక్కా," అంది మెల్లగా. "నోరు తెరవద్దన్నది మా అమ్మ. ఒక్కటే అడుగుత. నువ్విప్పుడు చెప్పింది నేను ఇంకొకరికి చెప్పొచ్చునా?"

రేణుక గ్లాసు పట్టుకుని ఆమె మొహంలోకి చూసింది.

"ఎవరికి చెప్తవ్?"

"నువ్వు ఎవరికి చెప్పమంటె వాళ్ళకు."

రేణుక గుమ్మంలోంచి టవర్ల వైపు చూసింది. "ముందుగాల గా పద్మావతమ్మకు చెప్పు. కానీ కొట్లాట పెట్టుకోకు. చెప్పి ఊకో."

కృష్ణప్రియ లోకంలో ఇంకెవరి గడపైనా తొక్కగలదు. ఆ గడప ఎలా తొక్కాలి?

పోచయ్య దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కిష్టమ్మ ఎత్తింది. "ఆఫీసోళ్ళు అడుగుతున్నరే, ఏమని చెప్పాలె?" అన్న గొంతు గదంతా వినిపించింది.

"తిరుగుతున్నదని చెప్పు," అని కిష్టమ్మ ఫోను పెట్టేసింది. పీట మీంచి లేచి కూతురి వైపు తిరిగింది. "నేను పక్కింటికి పోత. నువ్వు టవరుకు పో. ఐదు గాకముందు ఇద్దరం గేటుకాడ కలుద్దాం."

"కాగితం మీద ఏం చేస్తవమ్మా?"

"నాకింక యాభై ఎనిమిది ఇండ్లున్నయి," అంది కిష్టమ్మ. "ఇప్పుడే నన్నడగకు."

తల్లి ఎండలో ఎడమకు తిరిగింది. కూతురు కుడికి తిరిగి, షేర్ ఆటో ఎక్కకుండా నడక మొదలుపెట్టింది, ఏం చెప్పాలో కాదు, ఎంతవరకు చెప్పి ఆగాలో తలచుకుంటూ.

వాళ్ళను అడిగే ఈ మాట మీ దాకా తెచ్చాను, మీరు కూడా గుర్తుపెట్టుకోండి తల్లీ. పక్కింటి వాళ్ళకు చెప్పండి, మీ ఇంటికి పనికొచ్చే అమ్మకు చెప్పండి. సంతకం పెట్టిందా లేదా అని అందరూ అదే అడుగుతారు. రేణుక చేతిలో గ్లాసు సంగతి ముందు చెప్పండి. చెప్పి, మీ ఇంటికి పనికొచ్చే ఆవిడ ఈ పొద్దున నీళ్ళు తాగిందో లేదో అడగండి.